తియన్‌హ్వాఫెన్ షుగర్‌కి పనిచేస్తుందా? చైనా పొట్ల వేరు గురించి సైన్స్‌కి తెలిసింది

మీ ప్రశ్నని కొత్తగా చదివేవాళ్ల కోసం క్లుప్తంగా మళ్లీ చెప్తున్నాను. మీ తమ్ముడు చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. సెలవులకి వస్తూ అమ్మగారి కోసం తియన్‌హ్వాఫెన్ అనే ఎండు వేరు ముక్కలు అరకిలో తెచ్చాడు. అమ్మగారికి 61 ఏళ్లు, పదేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ మాత్రల మీద ఉన్నారు. ఈ వేరు మరిగించి తాగితే షుగర్ దిగుతుందనీ, క్యాన్సర్‌కీ ఎయిడ్స్‌కీ కూడా దీని మీద పరిశోధనలు జరిగాయనీ తమ్ముడు చెప్పాడు. మీ వదినకి నాలుగో నెల. ఈమధ్య పరీక్షలో ఆవిడకీ షుగర్ కొంచెం ఎక్కువ చూపించింది కాబట్టి ఆవిడ కూడా తాగుదామనుకుంటున్నారు.

ముందు మీ వదినగారి సంగతి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఆవిడని ఆ కషాయం ముట్టుకోవద్దనండి, ఇవాళే చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లు బొప్పాయి వద్దన్నట్టు చెప్తున్న జాగ్రత్త కాదిది. ఈ వేరులో ఉన్న ఒక ప్రోటీన్‌ని చైనా ఆసుపత్రుల్లో గర్భస్రావం చేయడానికే ఇంజెక్షన్‌గా వాడారు. మరిగిస్తే ఆ ప్రోటీన్ చాలావరకు చెడిపోతుంది, అదెందుకో కింద రాస్తాను. కానీ ఆ 'చాలావరకు' అనే మాటని నమ్ముకుని కడుపుతో ఉన్న మనిషి తాగాల్సిన అవసరం ఏముంది? చైనా ప్రభుత్వ ఔషధ గ్రంథమే ఈ వేరు గర్భిణుల విషయంలో జాగ్రత్త అని రాసింది. ఆవిడ షుగర్ సంగతి కాన్పు చూసే డాక్టరుకి చెప్పండి. ఆహారంతో సరిపోతుందా, ఇన్సులిన్ కావాలా అన్నది వాళ్లు తేలుస్తారు. రెండిటికీ దశాబ్దాల అనుభవం ఉంది.

నేను ఫార్మసీ కాలేజీలో ముప్పై ఏళ్లకు దగ్గరగా మందు మొక్కల పాఠం, అంటే ఫార్మకాగ్నసీ, చెప్పాను. ఈ వేరు మా ల్యాబ్ బీరువాలో సీసాలో ఉండేది. ఏటా పిల్లలకి చూపించేవాణ్ణి. దీన్ని కొట్టిపారేసే ఉద్దేశం నాకు లేదు. ఇంత చరిత్ర, ఇంత పరిశోధన ఉన్న మందు మొక్కలు చాలా తక్కువ. కాకపోతే ఆ పరిశోధన ఒక దాని మీద జరిగింది, ఇవాళ జనం తాగుతున్నది ఇంకొకటి.

మొక్క మనకి పరాయిది కాదు. మన పొట్లకాయకి స్వయానా చుట్టం. రెండూ ట్రైకోశాంథస్ అనే ఒకే ప్రజాతికి చెందినవి. ఆ గ్రీకు పేరుకి వెంట్రుకల పువ్వు అని అర్థం. పెరట్లో పొట్ల పాదు ఉన్నవాళ్లకి ఈ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. పొద్దుగూకాక పువ్వు విచ్చుకుంటే తెల్ల రేకుల అంచుల నుంచి సన్నటి దారాలు నలువైపులా వేలాడుతుంటాయి, ఎవరో జేబురుమాలు అంచు పీకి వదిలినట్టు. రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం ఆ అలంకారం. చైనా మొక్కదీ అదే పువ్వు. దాని శాస్త్రీయ నామం ట్రైకోశాంథస్ కిరిలోవీ. రష్యన్ వృక్ష శాస్త్రవేత్త మాక్సిమోవిచ్ 1859లో పెట్టిన పేరు. కాయ మాత్రం పాములా సాగదు, గుండ్రంగా ఉండి పండితే నారింజ రంగుకి తిరుగుతుంది. దొండకీ ఆగాకరకీ ఉన్నట్టే దీనికీ మగ తీగ, ఆడ తీగ విడివిడిగా ఉంటాయి. తీగ ఏటా ఎండిపోయినా నేలలో దుంప బతికే ఉంటుంది. ఆ దుంపే మీ ఇంటికొచ్చిన మందు.

చైనా వాళ్లు దీన్ని గ్వాలౌ అంటారు. కాయ, కాయ తొక్క, గింజ, వేరు, ఇవన్నీ వాళ్ల వైద్యంలో నాలుగు వేరు వేరు మందులు. వేరుకి తియన్‌హ్వాఫెన్ అని పేరు, దివ్యపుష్పాల పొడి అని చెప్పుకోవచ్చు. ఒక ముక్క తీసి విరిచి చూడండి. సుద్దముక్కలా పుటుక్కున విరిగి వేళ్లకి తెల్లగా పొడి అంటుకుంటుంది. కోసిన ముఖం మీద మధ్య నుంచి అంచుకి పసుపుపచ్చటి చుక్కలు, గీతలు కనిపిస్తాయి. అవి నీళ్లు మోసే నాళాలు. వాసన ఉండదు, నమిలితే కొంచెం చేదు. మందుల షాపులో దొరికే అయోడిన్ చుక్క వేస్తే సిరా ఒలికినట్టు నల్లనీలం అయిపోతుంది. అంటే ఇందులో ఎక్కువ భాగం పిండి పదార్థమే. జపాన్‌లో ఈ జాతికే చెందిన తీగ దుంప నుంచి తీసిన పిండిని పసిపిల్లలకి చెమట పొక్కుల మీద పౌడర్‌గా అద్దేవారు. అక్కడ ఆ పౌడర్‌కి ఈ వేరు పేరే వచ్చింది, తెంకాఫున్ అని. షుగర్ మందు అని తెచ్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం పిండే అని అమ్మగారికి ఒకసారి అయోడిన్ చుక్క వేసి చూపించండి. నేను చెప్పే దానికన్నా అది బాగా అర్థమవుతుంది.

ఇక షుగర్ మాట. ఇది ఎక్కడి నుంచి వచ్చింది? చైనా మందు మొక్కల గ్రంథాల్లో అన్నిటికన్నా పాతదైన షెన్నాంగ్ బెన్‌సావ్ జింగ్‌లో గ్వాలౌ వేరు సియావ్‌కె అనే జబ్బుకి పనికొస్తుందని ఉంది. సియావ్‌కె అంటే ఒళ్లు కరిగిపోతూ ఎంత తాగినా దాహం తీరని జబ్బు. ఇవాళ మనం షుగర్ అంటున్న జబ్బు ముదిరితే కనిపించే లక్షణాలు చాలావరకు అవే. కాబట్టి ఈ రెండూ ఒకటేనని చైనాలో చాలామంది వైద్యులు అంటారు. ఆ పోలికలో నిజం ఉంది. అయితే ఆ కాలంలో రక్తంలో గ్లూకోజ్ కొలిచే మార్గం లేదు. ఈ వేరు నోటి ఎండుని తగ్గిస్తుంది, ఒంట్లో నీటిని పుట్టిస్తుంది అని వాళ్లు రాసుకున్నారు. దాహం తగ్గడం వేరు, గ్లూకోజ్ తగ్గడం వేరు. షుగర్ 300 ఉన్న మనిషికి ఏదో తాగి దాహం సర్దుకుంటే తగ్గిపోయిందనుకుంటాడు. లోపల కళ్లూ కిడ్నీలూ దెబ్బతింటూనే ఉంటాయి.

ఆధునిక ప్రయోగాలు లేకపోలేదు. 1989లో జపాన్ శాస్త్రవేత్త హికినో బృందం ఈ వేరు నుంచి ట్రైకోశాన్లు అనే ఐదు రకాల చక్కెర గొలుసులని విడదీసింది. వాటిని ఎలుకలకి ఇస్తే రక్తంలో గ్లూకోజ్ తగ్గింది. ఇదే వేరులోని లెక్టిన్ అనే ప్రోటీన్‌కి కొవ్వు కణాల మీద ఇన్సులిన్ లాంటి పని ఉందని ల్యాబుల్లో చూశారు. ఇవి మంచి ప్రయోగాలే, నేను పాఠంలో చెప్పినవే. కానీ ఎలుకకి శుద్ధి చేసిన పదార్థం ఇవ్వడానికీ, మీ అమ్మగారు పొద్దున్నే గ్లాసుడు కషాయం తాగడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం దాటాలంటే మనుషుల మీద, ఈ వేరు ఒక్కటే ఇచ్చి, ఇంకో గుంపుకి ఉత్తుత్తి మందు ఇచ్చి, కనీసం మూడు నెలలు చూసి, గత మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ కొలవాలి. ఈ వేరు కషాయం విషయంలో నమ్మదగ్గ స్థాయిలో అలాంటి రుజువు నా కంటపడలేదు. షుగర్‌కి దీన్ని సిఫార్సు చేయకపోవడానికి నాకున్న ప్రధాన కారణం ఇదే.

మీ తమ్ముడు చెప్పిన ఎయిడ్స్ పరిశోధన నిజంగానే జరిగింది. ఆ కథ తెలుసుకుంటే వేరు స్వభావం కూడా తెలుస్తుంది, అందుకని కాస్త వివరంగా రాస్తాను.

చైనా పల్లెల్లో గర్భం దించడానికి ఈ వేరుని వాడే నాటు పద్ధతి ఉండేది. 1970లలో అక్కడి శాస్త్రవేత్తలు ఆ నాటు మందుని ల్యాబుకి తెచ్చి, పనిచేస్తున్నది వేరులోని ఒక ప్రోటీన్ అని తేల్చి, స్ఫటికాలుగా శుద్ధి చేశారు. దాని పేరు ట్రైకోశాంథిన్. 247 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. దీన్ని కండకి ఇంజెక్షన్‌గా ఇచ్చి నాలుగైదు నెలల గర్భాలని తొలగించారు. ముత్యాల గర్భానికీ (బిడ్డ సరిగ్గా ఏర్పడక మాయ బుడగల గుత్తిలా పెరిగే స్థితి), మాయ కణాల నుంచి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌కీ కూడా వాడారు. క్యాన్సర్‌కి పనిచేస్తుందన్న మాటకి మూలం అది. అక్కడ గమనించాల్సింది, అది ఒక్క రకం క్యాన్సర్, అందులోనూ వాడింది ఇంజెక్షన్. ఆ జబ్బుకి మెథోట్రెక్సేట్ అనే మందు పనిచేస్తుందని అమెరికాలో 1956లోనే మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ చూపించారు. ఇవాళ ఆ దారిలోనే ఎక్కువమందికి పూర్తిగా నయమవుతోంది.

ఈ ప్రోటీన్ ఎలా పనిచేస్తుందో చెప్పాలంటే ఆముదం గింజతో మొదలుపెట్టాలి. ఆముదం గింజలో రైసిన్ అనే విషం ఉంటుందని మనలో చాలామందికి తెలుసు. మన కణాల్లో ప్రోటీన్లు తయారయ్యే యంత్రాలు రైబోజోములు. రైసిన్ వాటిలోని ఆర్‌ఎన్‌ఏ గొలుసులో అడెనిన్ అనే ఒకే ఒక్క అక్షరాన్ని ఊడబీకుతుందని 1987లో జపాన్‌కి చెందిన ఎండో, సురుగి కనిపెట్టారు. వేల అక్షరాల గొలుసులో 4324వ అక్షరం, అది ఒక్కటీ పోతే చాలు, యంత్రం మూలపడుతుంది. ట్రైకోశాంథిన్ చేసేదీ అచ్చంగా ఆ పనే. తేడా ఏమిటంటే, రైసిన్‌కి రెండు భాగాలుంటాయి, ఒకటి కణం తలుపు తెరిపించేది, రెండోది లోపలికి వెళ్లి నాశనం చేసేది. ట్రైకోశాంథిన్‌కి నాశనం చేసే భాగం ఉంది, తలుపు తెరిపించే భాగం లేదు. అందుకే మామూలు కణాల్లోకి అంత తేలిగ్గా పోలేదు. మాయలోని కొన్ని కణాలు మాత్రం దాన్ని లోపలికి లాక్కుంటాయి. ఆ కణాలు చచ్చిపోతే గర్భాన్ని నిలిపే హార్మోన్ పడిపోయి, నొప్పులు మొదలై గర్భం పోతుంది. పల్లె మంత్రసానుల అనుభవం వెనక ఇంత జీవరసాయన శాస్త్రం ఉందని చదివినప్పుడు నేను ఆ రాత్రి నిద్రపోలేదు.

మాయ కణాల్లాగే ఈ ప్రోటీన్‌ని లోపలికి లాక్కునే కణాలు ఇంకో రకం ఉన్నాయి, మాక్రోఫేజులు అనే ఒంటి రక్షణ కణాలు. ఎయిడ్స్ వైరస్ దాక్కునేది కూడా అక్కడే. 1989 ఏప్రిల్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన మైకేల్ మెక్‌గ్రాత్ బృందం, జీన్‌లాబ్స్ కంపెనీ కలిసి ఒక పేపర్ వేశారు. శుద్ధి చేసిన ట్రైకోశాంథిన్‌కి వాళ్లు జీఎల్‌క్యూ223 అని పేరు పెట్టారు. పరీక్ష నాళికలో అది వైరస్ ఉన్న కణాల్లో వైరస్ పెరుగుదలని ఆపింది. అప్పట్లో ఏజెడ్‌టీ తప్ప ఇంకో మందు లేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో కుర్రాళ్లు వారం వారం చనిపోతున్నారు. ఆ పేపర్ వాళ్లకి ఎలా కనిపించి ఉంటుందో ఆలోచించండి. 'కాంపౌండ్ క్యూ' అని దానికి వీధిలో పేరొచ్చింది. ప్రభుత్వం అనుమతించిన పరీక్ష నెమ్మదిగా కొద్దిమందితో మొదలైంది. అంతవరకు ఆగలేక, మార్టిన్ డెలానీ నడిపే ప్రాజెక్ట్ ఇన్ఫార్మ్ అనే రోగుల సంస్థ చైనా నుంచి సీసాలు తెప్పించి, డాక్టర్ల సాయంతో సొంతంగా రహస్యంగా ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. కొందరికి జ్వరం, ఒళ్లునొప్పులు వచ్చాయి. కొందరికి తికమక, మతిమరుపు, చివరికి కోమా. మరణం కూడా జరిగింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రంగంలోకి దిగి విచారణ చేసింది. తర్వాత అనుమతితో చేసిన పరీక్షల్లోనూ మెదడు మీద ప్రభావం, అలర్జీ బయటపడ్డాయి. ఆశించిన మేలు నిలబడలేదు. ఆ ప్రోటీన్ ఎయిడ్స్‌కి మందుగా ఆమోదం పొందలేదు. 1996 నుంచి మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యం వచ్చాక దాని అవసరమూ తీరిపోయింది.

వాళ్లని తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. చావు ఎదురుగా నిలబడితే నేనైనా ఆ సూది వేయించుకునేవాణ్ణేమో. కానీ మీ అమ్మగారి ఎదుట చావు లేదు, పనిచేసే మెట్‌ఫార్మిన్ ఉంది. పరీక్ష నాళికలో వైరస్‌ని ఆపిన అదే పదార్థం మనిషి ఒంట్లో మెదడుని దెబ్బతీసింది. 'దీని మీద పరిశోధనలు జరిగాయి' అన్న ఒక్క ముక్కలో ఆ రెండో సగం రాదు.

ఇంజెక్షన్ అంత ప్రమాదమైతే కషాయం తాగిన కోట్లమంది చైనా వాళ్లకి ఏమీ కాలేదేం అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. ట్రైకోశాంథిన్ ప్రోటీన్. గుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడి ఇంక మళ్లీ పలచగా మారదు కదా, ప్రోటీన్‌కి వేడి చేసేది అదే. అరగంట మరిగాక దాని ఆకారం పాడై పని పోతుంది. మిగిలింది కడుపులోకి వెళ్తే పప్పులోని ప్రోటీన్‌లాగే అరిగిపోతుంది. అందుకే కషాయం అంత విషం కాదు. అయితే ఇదే తర్కం ఇంకో వైపు కూడా తిరుగుతుంది. ఏ ప్రోటీన్ మీద పెద్ద పరిశోధనలన్నీ జరిగాయో అది కషాయంలో పనిచేయదు. కాబట్టి ఆ పరిశోధనలని చూపించి కషాయం గొప్పదనడం కుదరదు. పచ్చి వేరు రసం, వేడి చేయని పొడి, క్యాప్సూల్స్ అంటూ ఎవరైనా అమ్మితే మాత్రం దగ్గరికి వెళ్లకండి. చైనాలో కూడా ఈ ఇంజెక్షన్ ఇచ్చే ముందు చర్మం మీద పరీక్ష చేసేవారు, రెండోసారి ఇస్తే ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి. 1988లో అక్కడ మిఫెప్రిస్టోన్ మాత్ర వచ్చాక గర్భస్రావానికి దీని వాడకం తగ్గుతూ వచ్చింది.

కాయ గురించి రెండు ముక్కలు. సుమారు 1800 ఏళ్ల కిందటి వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ ఛాతీ పట్టేసే నొప్పికి గ్వాలౌ కాయ, ఒక రకం అడవి ఉల్లిపాయ, సారా కలిపి కాచిన కషాయం రాశాడు. ఇప్పటికీ గుండెనొప్పికి చైనాలో దాన్ని ఇస్తారు, తొక్క నుంచి తీసిన ఇంజెక్షన్ కూడా ఉంది. దీని మీద పరీక్షలు చాలానే చేశారు. ఎక్కువగా చిన్నవి, కొన్ని వారాలవి, మామూలు గుండె మందులకి దీన్ని జోడించి చేసినవి. ఎవరికి ఏది ఇస్తున్నామో డాక్టరుకీ రోగికీ తెలియకుండా చేసే జాగ్రత్త చాలావాటిలో లేదు. నొప్పి తగ్గిందని రాశారు. గుండెపోటు ఆగిందా, ఆయుష్షు పెరిగిందా అన్నది వాటితో తేలదు. గింజలని మాత్రం వేయించుకుని, మనం గుమ్మడి గింజలు ఒలుచుకున్నట్టు, జెజియాంగ్, అన్‌హుయ్ రాష్ట్రాల్లో కాలక్షేపానికి తింటారు.

మీ తమ్ముడు వేరుతో పాటు మాత్రలేమైనా తెచ్చాడా? ఇది తప్పకుండా కనుక్కోండి. చైనాలో సియావ్‌కె మాత్రలు అని షుగర్‌కి చాలా పేరున్న మందు ఉంది. అందులో ఈ వేరుతో కలిపి ఏడు మూలికలుంటాయి. వాటితో పాటు గ్లిబెన్‌క్లమైడ్ అనే అల్లోపతి షుగర్ మందు కూడా ఉంటుంది, పది మాత్రలకి 2.5 మిల్లీగ్రాములు. ఇది దొంగతనం కాదు, అక్కడ చట్టబద్ధంగానే లేబుల్ మీద రాసి అమ్ముతారు. కానీ లేబుల్ చైనా లిపిలో ఉంటే మన ఇంట్లో ఎవరు చదువుతారు? 2013లో చైనాలో 800 మంది మీద దీన్ని ఉత్త గ్లిబెన్‌క్లమైడ్‌తో పోల్చి 48 వారాల పరీక్ష చేశారు. పద్ధతిగా చేసిన పరీక్ష. షుగర్ రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా తగ్గింది. మూలికలు కలిసిన గుంపులో లో షుగర్ బాధ తక్కువ కనిపించింది. ఆసక్తికరమైన ఫలితమే, ఇంకా పరిశోధించదగ్గదే. అయితే ఆ పుణ్యం ఏడు మూలికల్లో దేనిదో ఆ పరీక్ష చెప్పలేదు. రెండు గుంపులకీ ఉమ్మడిగా అందింది గ్లిబెన్‌క్లమైడ్, షుగర్ దిగడంలో పెద్ద వాటా దానిదే అని నా అభిప్రాయం.

దీని గురించి నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మా బంధువుల్లో ఒక పెద్దాయన, డెబ్భై దాటినవారు, ఎవరో ఇచ్చిన షుగర్ మూలికా పొడి డాక్టర్ మందుతో పాటు వాడుతుండేవారు. ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి వాళ్ల అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి ఆయన లాల్చీ పిండితే నీళ్లు కారేట్టు తడిసిపోయి ఉంది, కొడుకుని పట్టుకుని నువ్వెవరని అడుగుతున్నారు. గ్లూకోమీటర్‌లో 38. నోట్లో పంచదార నీళ్లు పోసే ధైర్యం చేయలేకపోయాం, పొలమారుతుందేమోనని. చిగుళ్లకి తేనె రాస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాం, అక్కడ గ్లూకోజ్ ఎక్కించారు. తర్వాత ఆ పొడిని మా ల్యాబులో క్రోమటోగ్రఫీ, అంటే అందులోని పదార్థాలని చుక్కలుగా విడదీసే పరీక్ష, చేస్తే గ్లిబెన్‌క్లమైడ్ చుక్క పక్కనే ఇంకో చుక్క అదే ఎత్తున వచ్చింది. మూలిక పేరుతో ఆయన రోజూ రెట్టింపు మందు మింగుతున్నారన్నమాట. షుగర్‌ని గబగబా దించే ఏ 'మూలికా' మందునైనా నేను ముందు అనుమానంతోనే చూస్తాను.

ఇంకో మాట. తీగజాతి కూరగాయలతో షుగర్ తగ్గించుకోవాలనే ఆలోచన తప్పేం కాదు, దానికోసం చైనా దాకా వెళ్లక్కర్లేదు. మన దొండ మీద బెంగళూరులో మనుషులతోనే పరీక్ష చేసి 2008లో ప్రచురించారు. కొత్తగా షుగర్ బయటపడిన 60 మందికి 90 రోజులు దొండ ఆకు, కాయల సారం రోజుకో గ్రాము, లేదా ఉత్తుత్తి మందు ఇచ్చారు. సారం తీసుకున్నవాళ్లకి పరగడుపు షుగర్ 16 శాతం, తిన్నాక షుగర్ 18 శాతం తక్కువ వచ్చింది. చిన్న పరీక్షే, అదీ సారంతో, దొండకాయ వేపుడుతో కాదు. అయినా మనుషుల్లో రుజువు విషయంలో చైనా వేరు కన్నా మన దొండే ఒక మెట్టు పైన ఉంది. కాకరకి ఇంకా ఎక్కువ పేరుంది కానీ, 2012లో కాక్రేన్ సంస్థ అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నీ జల్లెడ పట్టి, షుగర్‌కి సిఫార్సు చేసేంత రుజువు లేదని తేల్చింది. కూరగా తినడానికి దేనికీ అభ్యంతరం లేదు.

ఈ కుటుంబం మొక్కలన్నిటికీ వర్తించే జాగ్రత్త ఒకటుంది, చేదు. సొర, దోస, పొట్ల, గ్వాలౌ అన్నిటిలోనూ కుకుర్బిటాసిన్లు అనే చేదు విషాలు తయారు కాగలవు. 2010లో ఢిల్లీలో చేదెక్కిన సొరకాయ రసం తాగి ఒక శాస్త్రవేత్త చనిపోయారు. ఆయనా షుగర్ కోసమే తాగేవారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల కమిటీ వేసి, రసం తీసే ముందు చిన్న ముక్క రుచి చూడండి, చేదుగా ఉంటే పారేయండి, తాగాక వాంతులు, కడుపునొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి అని చెప్పింది. తియన్‌హ్వాఫెన్‌లో కూడా దగ్గరి జాతుల వేర్లు కలుస్తుంటాయి. అసలు వేరు చేదు స్వల్పం. నాలుక ముడుచుకుపోయేంత చేదుగా ఉంటే అది వేరే వేరు.

మీ దగ్గరున్న ముక్కలు మరీ మల్లెపువ్వులా తెల్లగా ఉన్నా సంతోషపడకండి. రంగు రావడానికీ పురుగు పట్టకుండా ఉండడానికీ వీటికి గంధకం పొగ పెడతారు. చైనా ఔషధ గ్రంథం ఎక్కువ మూలికలకి కిలోకి 150 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ మించకూడదంటే, తియన్‌హ్వాఫెన్‌తో కలిపి పది మూలికలకి 400 వరకు ఒప్పుకుంది. ఆ పది మూలికల్లో పొగ వాడకం అంత మామూలన్నమాట. ప్యాకెట్ తెరవగానే అగ్గిపుల్ల గీసినప్పటి ఘాటు వస్తే, ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే అసలే వాడొద్దు.

ఇంత చెప్పాక కూడా అమ్మగారు 'పిల్లాడు ప్రేమగా తెచ్చాడు, ఒక్కసారైనా తాగుతా' అంటే ఏం చేయాలి? మెట్‌ఫార్మిన్ ఒక్క పూట కూడా ఆపకూడదు, ఇది మొదటిది. ఆ ఔషధ గ్రంథంలో ఉన్న మోతాదు రోజుకి 10 నుంచి 15 గ్రాములు, అదీ వైద్యుడు చూసి రాసే కషాయంలో. ఆవిడ ఆయుర్వేద మందులేమైనా వాడుతుంటే వాటిలో వత్సనాభి అనే విష మూలిక ఉందేమో చూడండి. చైనా వైద్యంలో గ్వాలౌనీ ఆ నాభి జాతి మొక్కలనీ కలపకూడదని శతాబ్దాలుగా నియమం ఉంది. నన్నడిగితే ఆ అరకిలో సంచీ వంటింట్లో కాకుండా వేరే చోట, వదినగారి చేతికి అందకుండా పెట్టేయండి. ఒక ముక్క మాత్రం అయోడిన్ పరీక్షకి తీసి ఉంచండి.

మీ తమ్ముణ్ణి కోప్పడకండి. ఇంత దూరం నుంచి అమ్మ కోసం మోసుకొచ్చాడు. వాడు డాక్టర్ కాబోతున్నాడు కాబట్టి ట్రైకోశాంథిన్ కథ వాడికి చదివి వినిపించండి. అమ్మగారి ఆఖరి హెచ్‌బీఏ1సీ ఎంత, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత, మెట్‌ఫార్మిన్ ఏ మోతాదులో వాడుతున్నారు, ఆ మూడు అంకెలు రాయండి. పదేళ్ల షుగర్‌కి ఒక్క మెట్‌ఫార్మిన్ సరిపోతోందో లేదో డాక్టర్ని ఏమని అడగాలో చెప్తాను.